హ్యాండిల్‌కి కట్టిన అట్ట

నోర్‌బో,
11 ఏప్రిల్ 1994

ప్రియమైన యిల్వా,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే "ఊ, సరే అక్కా" అని రెండు మాటల్లో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. రెండు పనులున్నాయి.

మొదటిది కారు. పోయిన మంగళవారం తనిఖీకి తీసుకెళ్ళాను. బ్రేక్ తొక్కితే ఎడమకి లాగుతోందని తిప్పి పంపారు. బాగుచేసుకుని రావడానికి నెల గడువు. తనిఖీ చేసినాయన కాగితం మీద ముద్ర కొడుతూ, "ఇరవై ఏడేళ్ళ బండమ్మా, ఇక దీన్ని వదిలెయ్యరాదూ" అన్నాడు. "నాకు నలభై తొమ్మిది. నన్నూ వదిలెయ్యమంటారా?" అన్నాను. ఆయన నవ్వలేదు. దీనికి స్పానర్ పట్టింది ఇన్నేళ్ళూ నేనే, ఇప్పుడు ఇంకొకరి చేతికి ఇవ్వాలని లేదు. బ్రేకుల సంగతి మాత్రం నీకే బాగా తెలుసు.

రెండోది నాన్న మోటార్‌సైకిల్. షెడ్డులో గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. స్టాక్‌హోమ్ నుంచి ఒకాయన దాన్ని చూసి వెళ్ళాడు. ఇంజన్ పట్టేసి ఉందన్నా వెనక్కి తగ్గలేదు. జూన్ నెలాఖరున మిడ్‌సమ్మర్ పండక్కి మళ్ళీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. సగం నీది కాబట్టి నీ మాట కావాలి.

మా ఆయన రోలాండ్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఇక్కడ చెరువు అంచుల మీద మంచు నల్లబడింది.

నీ అక్క
గునిల్లా


గోథెన్‌బర్గ్,
16 ఏప్రిల్

గునిల్లాకి,

మోటార్‌సైకిల్ అమ్మెయ్. నాకు దాంతో పనిలేదు. ఎక్కడ సంతకం పెట్టాలో చెబితే పెడతాను.

నేను పదమూడేళ్ళుగా ఈత కొలను దగ్గర టికెట్లు చింపుతున్నాను. బ్రేకుల గురించి నన్ను అడగడం ఏమిటి? అయినా అడిగావు కాబట్టి: కారును పది కిలోమీటర్లు నడిపి, నాలుగైదుసార్లు గట్టిగా బ్రేక్ తొక్కి, దిగి ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఏది వేడిగా ఉంది, ఏది చల్లగా ఉంది? ఎడమకి లాగుతోందంటే ఎడమ బ్రేక్ చెడిందని అందరూ అనుకుంటారు. కాదు. ఎడమది పని చేస్తోంది, కుడిది చెయ్యడం లేదు.

నీ సర్వీస్ పుస్తకం ఉంటుంది కదా. ఏ భాగం ఏ ఏడాది మార్చావో మొత్తం కాపీ చేసి పంపు. చూడకుండా చెప్పలేను. చూసినా నా మాట మీద పూర్తిగా ఆధారపడకు.

యిల్వా


నోర్‌బో,
24 ఏప్రిల్

ప్రియమైన యిల్వా,

చెప్పినట్టే చేశాను. బోల్‌నేస్ దాకా వెళ్ళొచ్చాను. ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. కుడిది పొద్దున్న కోసిన రొట్టెలా చల్లగా ఉంది. రోలాండ్ కూడా తన వంకర బొటనవేలితో ముట్టుకుని చూసి, "నీ చెల్లెలు ఐదు వందల కిలోమీటర్ల దూరం నుంచి చెప్పిందా ఇది?" అన్నాడు.

పుస్తకం మొదటి పేజీ నుంచి కాపీ చేశాను. పదకొండు కాగితాలయ్యాయి, వేరే కవర్లో పెట్టాను. నీకు కావలసినవి పైన గుర్తు పెట్టాను. 1979 ఆగస్టులో ముందు ఎడమ బ్రేక్ గొట్టం మార్చాను, రాయి తగిలి చీలితే. కుడిది మార్చినట్టు ఎక్కడా లేదు. ఆయిల్ మాత్రం ప్రతి ఐదు వేల కిలోమీటర్లకీ తప్పకుండా మార్చాను. అదీ రాశాను, నీకు అక్కర్లేకపోయినా. ఒక్క వరుస వదిలినా అది పుస్తకం కాదు కదా.

రాస్తూంటే రెండు పూటలు పట్టింది. కొన్నిచోట్ల ఆగి చాలాసేపు కూర్చున్నాను.

గునిల్లా


గోథెన్‌బర్గ్,
29 ఏప్రిల్

అక్కా,

కుడి గొట్టమే. పైకి చూస్తే కొత్తదానిలా మెరుస్తుంది, లోపల రబ్బరు ఉబ్బిపోయి దారి మూసుకుపోయి ఉంటుంది. ఎడమది మార్చినప్పుడే కుడిదీ మార్చాల్సింది. బ్రేక్ సామాను జంటగా మారుస్తారు, చెప్పుల్లాగ. నాన్న వెయ్యిసార్లు చెప్పాడు. నువ్వు పొదుపు చేశావు. ఫర్వాలేదు, ఇప్పుడు రెండూ కొత్తవి వెయ్యి.

వేశాక లోపలి గాలి తియ్యాలి. ఇద్దరు కావాలి. రోలాండ్‌ని లోపల కూర్చోబెట్టు. అతను పెడల్ తొక్కిపట్టాలి, నువ్వు కింద నట్టు సగం తిప్పి బుడగలు పోనిచ్చి బిగించాలి. నువ్వు బిగించేదాకా అతను కాలు ఎత్తకూడదు. ఎత్తితే మళ్ళీ మొదటికే. సీసాలో బ్రేక్ ద్రవం తగ్గకుండా చూసుకో. దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు.

ఈ ఉత్తరం రాస్తూంటే చేతికి గ్రీజు వాసన వచ్చినట్టయింది. నిన్న కౌంటర్లో కూర్చుని టికెట్ వెనక బ్రేక్ బొమ్మ గీస్తున్నాను. ఒక ముసలామె చూసి, "ఇది పూలకుండీయా?" అంది. అవునన్నాను.

ఒక సంగతి. ఊరికే అడుగుతున్నా. 1981 ఏప్రిల్ 2న కారు ఆయిల్ మార్చావు. బాగుంది. మళ్ళీ మే 17న మార్చావు, ఆరు వందల యాభై కిలోమీటర్లకే. ఇరవై ఏడేళ్ళ పుస్తకంలో ఇలాంటి వరుస ఇంకోటి లేదు. పైగా "యాభై నంబరు చిక్కటి ఆయిల్" అని రాశావు. నీ కారు తాగేది ముప్ఫై. ఆ షెడ్డులో యాభై తాగేది ఒక్కటే ఉండేది.

ఎందుకు మార్చావు?

యిల్వా


నోర్‌బో,
10 మే

ప్రియమైన యిల్వా,

కారు పాసైంది! అదే మనిషి. బ్రేక్ పరీక్ష యంత్రం మీద రెండు ముళ్ళూ సమానంగా లేచాయి. ఆయన వాటిని గోటితో తట్టి చూసి, "ఎవరు చేశారమ్మా?" అన్నాడు. "మా చెల్లెలు. గోథెన్‌బర్గ్ నుంచి" అన్నాను. ఈసారి కూడా నవ్వలేదు.

గాలి తీసే రోజు నువ్వు ఉండాల్సింది. నేను కారు కింద, రోలాండ్ లోపల.

"తొక్కు!"

"తొక్కుతూనే ఉన్నా!"

"పట్టుకో!"

"పట్టుకున్నా. ఎంతసేపు? నా కాఫీ చల్లారిపోతోంది."

"కాఫీ మాట ఎత్తితే ఈ స్పానర్ పైకొస్తుంది. కాలెత్తకు!"

"నువ్వు స్పానర్ అంటే ఎత్తమన్నావనుకున్నా."

అలా నాలుగుసార్లు మొదటి నుంచి చేశాం. పక్కింటి వాళ్ళు మేం కొట్టుకుంటున్నామనుకుని కంచె దగ్గరకొచ్చారు.

బర్చ్ చెట్లు చిగురు వేశాయి. నీకు దాల్చినచెక్క బన్నులు పార్సెల్ చేస్తున్నాను.

గునిల్లా


గోథెన్‌బర్గ్,
13 మే

అక్కా,

బన్నులు అందాయి. నా ప్రశ్నకి జవాబు అందలేదు.

యిల్వా


నోర్‌బో,
16 మే 1994

యిల్వా,

ఈరోజు తేదీ చూశావు కదా. సరిగ్గా పదమూడేళ్ళు.

నువ్వు అట్ట కట్టడం మర్చిపోలేదు. నేను తీశాను.

వరుసగా రాస్తాను, నాకు వచ్చింది అదే. నాన్న షెడ్డు నియమం మనిద్దరికీ తెలుసు: ఆయిల్ తీసినవాళ్ళు హ్యాండిల్‌కి "ఆయిల్ లేదు" అని రాసిన అట్ట కట్టాలి, పోసినవాళ్ళే ఆ అట్ట తీయాలి. అక్టోబరులో నువ్వు మోటార్‌సైకిల్ ఆయిల్ తీసేసి అట్ట కట్టావు. చలికాలమంతా అది అక్కడే ఉంది. మే 15, శుక్రవారం, నువ్వు గ్యారేజీలో పనికెళ్ళావు. నాన్న నిద్రపోతున్నాడు. నేను కొత్త ఆయిల్ డబ్బా తెచ్చి షెడ్డులోకి వెళ్ళాను. ఎవరూ నన్ను పొయ్యమని అడగలేదు.

ఎందుకెళ్ళానో చెబుతాను. నువ్వూ నాన్నా ఆ జూన్‌లో మోటార్‌సైకిల్ మీద ఉత్తర కొసనున్న నార్డ్‌కాప్ దాకా వెళ్ళాలనుకున్నారు. ఆ చలికాలమంతా వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని మీరిద్దరే మాట్లాడుకున్నారు. నేను ఆ మ్యాపు ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ పరిచేదాన్ని. నాన్న నాకు కారు అప్పజెప్పాడు, నీకు మోటార్‌సైకిల్. రమ్మని ఎవరైనా అంటారనుకోలేదు. కానీ బయల్దేరేముందు "ఆయిల్ ఎవరు పోశారు?" అని నాన్న అడగాలనీ, నేను అని చెప్పాలనీ అనుకున్నాను. అంతే.

అట్ట ఆయిల్ ట్యాంకు మూతకి అడ్డంగా వేలాడుతోంది. విప్పి ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. మూత మీద చెయ్యి వేశాను. బయట రోలాండ్ కేక పెట్టాడు. కట్టెలు కొడుతూ గొడ్డలి బొటనవేలి మీద వేసుకున్నాడు. తువ్వాలు చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఏడు కుట్లు. తిరిగొచ్చి వంట చేశాను. షెడ్డు సంగతి నాకు మళ్ళీ గుర్తురాలేదు.

శనివారం పొద్దున్న నాన్న షెడ్డులోకి వెళ్ళాడు. ఆయన అట్ట చూసేవాడు, మూత తీసి చూసేవాడు కాదు. అట్ట లేదంటే ఆయిల్ ఉన్నట్టే. ఇంజన్ చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. "ఎంత బాగా స్టార్ట్ అయింది" అనుకున్నాను. అప్పుడు కూడా గుర్తురాలేదు, యిల్వా. చర్చి మిట్ట దగ్గర ఇంజన్ పట్టేసి, ఆయన నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చి, మెట్ల మీద కూర్చుని, "ఆయిల్ లేదు" అన్నప్పుడు గుర్తొచ్చింది. ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టాను. ఉంది.

ఆ రోజు చెప్పలేకపోయాను. రేపు చెబుదామనుకున్నాను. సాయంత్రం నువ్వొచ్చి నాన్న ముందు నిలబడి, "అట్ట కట్టడం మర్చిపోయి ఉంటాను" అన్నావు. నువ్వే ఒప్పుకున్నాక నాకు నోరు పెగల్లేదు.

మర్నాడు షెడ్డులో నిండు డబ్బా కనిపించింది. కొన్న ప్రతి డబ్బా ఎక్కడికి పోయిందో పుస్తకంలో రాస్తాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుకే దాన్ని నిజం చేశాను: కార్లోంచి బాగున్న ఆయిల్ తీసేసి ఆ చిక్కటి ఆయిల్ పోశాను. తర్వాత వరుస రాశాను. మొన్న కాపీ చేసేటప్పుడు ఆ వరుస దగ్గర ఆగాను. వదిలెయ్యొచ్చు. నువ్వు చూస్తావని తెలిసే రాశాను. నోటితో చెప్పడానికి నాకున్న ధైర్యం అంతే.

అట్ట పుస్తకం వెనక అరలో పదమూడేళ్ళుగా ఉంది. ఇందులో పెడుతున్నాను. నీ చేతిరాత.

గునిల్లా


గోథెన్‌బర్గ్,
12 జూన్

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నాలుగు రాసి చించాను. ఇది ఐదోది.

కట్టినట్టు నాకు గుర్తుంది. ముడి కూడా గుర్తుంది, రెండు ముళ్ళు, ఎడమ చేతివైపు. కానీ అట్ట లేదు. కళ్ళముందు లేనిదాన్ని కట్టానని ఎలా అంటాను? నా జ్ఞాపకమే అబద్ధమనుకున్నాను. అప్పట్నుంచీ నేను దేన్నీ నమ్మలేదు. స్టౌ ఆపానో లేదో చూడటానికి మెట్ల మీంచి మూడుసార్లు వెనక్కి వెళ్తాను. తాళం వేశాక తలుపు లాగి చూస్తాను, వీధి చివరి నుంచి మళ్ళీ వచ్చి లాగుతాను. ఇక్కడి వాళ్ళు దాన్ని నా స్వభావం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

గ్యారేజీలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. సోమవారం వెళ్ళేసరికి సంగతి అందరికీ పాకిపోయింది, నా భోజనం డబ్బాకి అట్ట కట్టి ఉంది: "ఆయిల్ లేదు." మర్నాడు కాఫీ ఫ్లాస్కుకి. తర్వాత టాయిలెట్ తలుపుకి. పెద్ద మెకానిక్ ఎవెర్ట్ అయితే నేను బిగించిన ప్రతి నట్టూ నా ఎదురుగానే మళ్ళీ బిగించేవాడు. "ఏమనుకోకు పిల్లా, నీకు అలవాటుంది కదా" అనేవాడు. అంతకుముందు మూడేళ్ళు వాళ్ళు నా తప్పు కోసం వెతికారు, దొరకలేదు. చివరికి నేనే తెచ్చిచ్చాననుకున్నాను. ఆగస్టులో వెళ్ళిపోయాను. నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఒకరి బ్రేకులు నా చేతిలో ఉండటం నాకే భయమేసింది.

నాన్న ఆ సాయంత్రం నా తల మీద చెయ్యి వేసి, "అందరం మర్చిపోతాం, పిల్లా" అన్నాడు. అది నీకు రావాల్సిన మాట. నాకు వచ్చింది. నాకది ఎంత బరువైందో! ఇంగ్లండ్ నుంచి ఇంజన్ సామాను వస్తుంది, వచ్చే ఏడాది వెళ్దాం అన్నాడు. అక్టోబరులో పోయాడు. నాకు మొహం చెల్లక సెప్టెంబరులో ఇంటికి రాలేదు. ఆ ఒక్క నెలా నాకు ఎవరిస్తారు?

మ్యాపు సంగతి నాకు తెలీదు. నువ్వు దాన్ని ఎత్తి తుడిచేదానివని గమనించనే లేదు. అది నా తప్పే. కానీ రెండూ ఒకటి కావు. దీనితో అది చెల్లిపోయిందనుకోకు.

మోటార్‌సైకిల్ అమ్మొద్దు. నాకు ఉత్తరాలు రాయొద్దు, కొన్నాళ్ళు.

యిల్వా


నోర్‌బో,
3 జులై

యిల్వా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ రాసి ఆగిపోతాను.

స్టాక్‌హోమ్ మనిషిని వెనక్కి పంపేశాను. పండగ రోజు బల్ల దగ్గర అందరూ ఉండగా జరిగింది చెప్పాను. రోలాండ్ తన బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాడు, హెర్రింగ్ చేప ముట్టలేదు.

మర్నాడు గ్యారేజీకి వెళ్ళాను. ఎవెర్ట్‌కి డెబ్బై, అయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. అతని ముందు నిలబడి మొత్తం చెప్పాను.

"పదమూడేళ్ళ తర్వాతా, గునిల్లా? మేం ఎప్పుడో మర్చిపోయాం."

"మా చెల్లెలు మర్చిపోలేదు" అన్నాను.

అతను లేచి కాఫీ బల్ల దగ్గరకెళ్ళాడు. ఫ్లాస్కుకి ఒక అట్ట వేలాడుతోంది, మరకలతో నల్లబడి. "ఆయిల్ లేదు." ఫ్లాస్కు రెండుసార్లు మారిందట, అట్ట మాత్రం ఒకదాని నుంచి ఇంకోదానికి వచ్చింది. పని చేసేవాళ్ళలో ఒకతను తల తిప్పి, "దాన్ని తీయకండి ఎవెర్ట్, అది మొదట్నుంచీ ఉన్నదే" అన్నాడు. ఎందుకుందో అతనికి తెలీదు. ఎవెర్ట్ అట్ట విప్పి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల బిగించిన నట్టు ఒక్కటీ వదులుగా దొరకలేదు నాకు" అన్నాడు. "చెప్పు దానికి." తర్వాత, "వద్దులే. నేను చెప్పాల్సిన రోజు అయిపోయింది" అన్నాడు.

అయినా చెబుతున్నాను.

గునిల్లా


గోథెన్‌బర్గ్,
25 సెప్టెంబరు

అక్కా,

కింది అంతస్తులో ఒక నర్సు ఉంది. ఆమె మోపెడ్ బ్రేక్ పట్టడం లేదంటే పోయిన ఆదివారం చూశాను. కేబుల్ మార్చి, సరిచేసి, నట్టు బిగించాను. ఒకసారే బిగించాను. పైకి వచ్చేసి కాఫీ పెట్టుకున్నాను. కిందికి దిగి చూద్దామని మనసు లాగింది. వెళ్ళలేదు. సోమవారం ఆమె మోపెడ్ మీద పనికెళ్ళి క్షేమంగా తిరిగొచ్చింది. కిటికీలోంచి చూశాను. ఈ సంగతి నాన్నకి చెప్పాలనిపించింది. చెప్పడానికి నువ్వే మిగిలావు.

నిన్ను క్షమించానని రాయలేను. రాస్తే నీ పుస్తకంలో ఆ ఆయిల్ వరుసలాంటిది అవుతుంది. అక్షరాలు నిజమే, కానీ రాయడం కోసమే చేసిన పని. కొంతకాలం పడుతుంది. బహుశా పూర్తిగా కాదేమో.

ఇంగ్లండ్ పెట్టె ఉందా? నాన్న అంత్యక్రియలైన పది రోజులకి వచ్చిందని రాశావు అప్పట్లో. పిస్టన్ మైనం కాగితంలోనే ఉంటే పాడవదు. విప్పకు.

అట్ట తిరిగి పంపుతున్నాను. పురికొస కొత్తది. దాన్ని హ్యాండిల్‌కి ఎడమవైపు, రెండు ముళ్ళు వేసి కట్టు. నియమం నీకు తెలుసు. ఎప్పుడొస్తావని అడగకు.

యిల్వా


నోర్‌బో,
16 అక్టోబరు

యిల్వా,

కట్టాను. ఎడమవైపు, రెండు ముళ్ళు.

పెట్టె ఉంది, విప్పలేదు. ఇంగ్లండ్ స్టాంపులు కూడా అలాగే ఉన్నాయి. మీద నాన్న పేరు ఉంది.

నిన్న కారుకి చలికాలం చక్రాలు వేశాను. వంద కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్ళీ బిగించాలి కాబట్టి పుస్తకంలో ఆ వరుస ఖాళీగా ఉంచాను. షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా అట్ట వైపు చూస్తాను. గాలికి కాస్త తిరుగుతుంది, అక్షరాలు ఒకసారి కనిపిస్తాయి, ఒకసారి కనిపించవు. నాన్న ఉంటే ఈ షెడ్డులోకి వచ్చి, మనిద్దరిలో ఎవరి ముడో చూసి చెప్పేసేవాడు.

యాభై నంబరు ఆయిల్ ఒక డబ్బా తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టాను. మూత తీయలేదు. పుస్తకంలో రాయలేదు. నేను కొని, రాయకుండా వదిలిన డబ్బా ఇదొక్కటే. ఆ వరుస నువ్వు రాయాలి.

రాత్రి మొదటి మంచు పడింది. షెడ్డుకి తాళం వెయ్యడం లేదు.

అక్క